సిమెంటు రంధ్రాల్లో నీటి నడక: డెల్టా ఇళ్ళ నెమ్మును అర్థం చేసుకుని అదుపు చేసే సమగ్ర మార్గదర్శి

గోదావరి డెల్టాలో ఇల్లు కట్టుకున్న వాళ్ళలో నెమ్ము గోడ చూడనివాళ్ళు ఉండరు. గోడ అడుగున మోకాలెత్తు దాకా రంగు పొక్కి ఉంటుంది, దాని పైఅంచున తెల్లటి గీత ఒకటి గోడ పొడవునా సాగి ఉంటుంది, ఆ గీత దగ్గర వేలితో రాస్తే ప్లాస్టరింగు ఇసుకలా రాలుతుంది. రాలిన పొడిని భూతద్దం కింద పెడితే అందులో సన్నటి సూదుల్లాంటి ఉప్పు పలుకులు మెరుస్తూ కనిపిస్తాయి. రంగు పొరను వెనకనుంచి నెట్టి ఊడదీసింది ఆ సూదులే.

సివిల్ ఇంజనీరుగా ఉద్యోగంలో చేరిన కొత్తలో అమలాపురం దగ్గర మా సొంత ఇంట్లోనే ఈ గీత రెండడుగుల ఎత్తున కనిపించింది. నీటిని ఆపుతుందని చెప్పిన పూత ఒకటి కొని గది లోపలి వైపు రెండు కోటింగులు వేయించాను. రెండు వర్షాకాలాలు గడిచేసరికి గీత మూడడుగులకు దగ్గరపడింది. సరుకు మంచిది కాదని చాలాకాలం అనుకున్నాను. నిజానికి ఆ పూత తన పని తాను సరిగ్గానే చేసింది, గోడలోని నీరు కూడా తన ధర్మం ప్రకారమే నడిచింది, ఆ ధర్మం తెలియనిది నాకే. సిమెంటులోని సూక్ష్మరంధ్రాల్లో నీరు ఎలా ఉంటుందో, ఎటు కదులుతుందో, ఎప్పుడు ఆగుతుందో తెలిస్తే మాలు కలపడం మొదలుకొని పాత గోడను బాగుచేయడం వరకు ఏ పని ఎందుకు చేయాలో దానంతట అదే తేటపడుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో ప్రతి మెట్టులోనూ ముందు నీటి నడకను, ఆ తర్వాత చేయవలసిన పనిని చెబుతున్నాను.

మొదటి మెట్టు: నీరు ఉండే మూడు చోట్లను గుర్తించడం

సిమెంటు ఆరడం వల్ల గట్టిపడుతుందన్న అభిప్రాయం మన దగ్గర బలంగా ఉంది, కానీ అది సరికాదు. సిమెంటు నీటిని తనలో కలుపుకుని గట్టిపడుతుంది, నీటి అడుగున కూడా గట్టిపడుతుంది. ఆ చర్యలో పుట్టే ముఖ్యమైన పదార్థం కాల్షియం సిలికేట్ హైడ్రేట్ అనే జెల్. గింజగింజ చుట్టూ ఈ జెల్ పెరిగి, పక్క గింజల మీది జెల్‌తో పెనవేసుకుని, మధ్యనున్న ఖాళీని నింపుకుంటూ పోతుంది.

అమెరికాలో పోర్ట్‌లాండ్ సిమెంట్ అసోసియేషన్‌లో పనిచేసిన టి.సి. పవర్స్ 1940లలో ఈ నీటి లెక్కను విడదీసి చూపించాడు. కిలో సిమెంటు పూర్తిగా చర్య జరుపుకుంటే దాదాపు 230 గ్రాముల నీరు రసాయనికంగా బంధింపబడి రాయిలో భాగమైపోతుంది. మరో 190 గ్రాముల వరకు జెల్ లోపలి అతిసన్నని సందుల్లో ఇరుక్కుని ఉంటుంది. ఈ రెండింటికీ మించి పోసిన నీరు ఎక్కడ నిలిచిందో అక్కడే, జెల్ నింపలేకపోయిన ఖాళీగా మిగిలిపోతుంది. దానినే కేశనాళిక అంటాము.

మన 50 కిలోల బస్తాకు ఈ లెక్క వేసి చూద్దాం. రాయిలో కలిసిపోయేది పదకొండున్నర లీటర్లు, జెల్ సందుల్లో నిలిచేది తొమ్మిదిన్నర లీటర్లు, వెరసి 21 లీటర్లు. బస్తాకు 30 లీటర్లు పోస్తే మిగిలిన తొమ్మిది లీటర్ల చోటూ గోడలో నీటికి మనమే వేసి ఇచ్చిన బాట అవుతుంది.

ఈ చోట్ల కొలతల్లో ఉన్న తేడాను మనసుకు పట్టించుకోవడం అవసరం. జెల్ రంధ్రం వెడల్పు రెండు మూడు నానోమీటర్లు, అంటే మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో రెండో మూడో. నీటి అణువు దాదాపు 0.28 నానోమీటర్లు ఉంటుంది కాబట్టి రెండు నానోమీటర్ల సందులో అడ్డంగా ఏడు అణువులకు మించి పట్టవు. అంత ఇరుకులో నీరు చెరువులో నీరులా ఉండదు. గోడను అంటుకున్న అణువుల పొర దాదాపుగా అక్కడే బిగిసి ఉంటుంది, మధ్యనున్నది కూడా నెమ్మదిగా కదులుతుంది. గాలిలో తేమ బాగా పడిపోతే తప్ప ఆ నీరు బయటకు రాదు, మన డెల్టా గాలిలో అలాంటి రోజులు అరుదు. కాబట్టి జెల్ నీటి గురించి మనం కంగారు పడనవసరం లేదు.

కేశనాళికలు పది నానోమీటర్ల నుంచి పది మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాకా ఉంటాయి. నెమ్ము, ఉప్పు, తుప్పు అన్నీ నడిచేది వీటిలోనే. మూడో రకం, కంటికి కనిపించే గాలి బుడగలు, సరిగ్గా కూరకపోవడం వల్ల ఏర్పడే తేనెపట్టు గుల్లలు. ఇవి చూడటానికి భయం గొలిపినా నీటిని తమంతట తాము పైకి లాగలేవు. వాటి వల్ల వచ్చే నష్టం వేరు.

రెండవ మెట్టు: మాలులో నీటిని కొలిచి పోయడం

మేస్త్రి చేతిలోని గొట్టం నుంచి నీరు ఎంత పడుతోందో ఎవరూ లెక్కపెట్టరు. మాలు జారుగా ఉంటే పని త్వరగా సాగుతుంది కాబట్టి చెయ్యి సహజంగానే ఎక్కువ పోస్తుంది. ఇక్కడ పోసిన అదనపు లీటరును తర్వాత ఏ పూతా, ఏ మందూ వెనక్కి తీసుకోలేవు. ఈ మార్గదర్శిలో ఒక్క మెట్టు మాత్రమే పాటించే ఓపిక ఉన్నవారు ఈ రెండవ మెట్టునే పాటించండి.

కాంక్రీటుకు నీరు, సిమెంటు నిష్పత్తిని ముందే నిర్ణయించుకోవాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 456:2000 ఉక్కు ఉన్న కాంక్రీటుకు పరిసరాల తీవ్రతను బట్టి ఈ హద్దులు పెట్టింది. ఓ మోస్తరు పరిసరాల్లో నిష్పత్తి 0.50 దాటకూడదు, కాంక్రీటు కనీసం ఎం25 గ్రేడు (అంకె పెరిగేకొద్దీ బలం ఎక్కువ) అయి ఉండాలి. సముద్రతీర వాతావరణానికి గురయ్యే చోట 0.45, ఎం30. అంతర్వేది, ఓడలరేవు వంటి చోట్ల సముద్రపు తుంపర నేరుగా పడే కాంక్రీటైతే 0.45తో పాటు ఎం35 కావాలి. 0.45 అంటే బస్తాకు ఇరవై రెండున్నర లీటర్లు, 0.50 అంటే 25 లీటర్లు.

ఇసుకలోని తడిని ఈ కొలతలోంచి మినహాయించాలి. గోదావరి ఇసుక లారీ దిగేటప్పుడు తడిగానే ఉంటుంది. బస్తా సిమెంటుకు 80 కిలోల ఇసుక పడుతుందనుకుంటే, అందులో అయిదు శాతం తడి ఉన్నా నాలుగు లీటర్ల నీరు మనం పోయకముందే మిల్లరులో (మాలు కలిపే యంత్రంలో) చేరినట్టే. ఆ తడిని తెలుసుకోవడానికి కిలో ఇసుకను మూకుట్లో వేసి, పలుకులు విడివిడిగా జారే దాకా వేయించి, చల్లారాక తిరిగి తూయాలి. తగ్గిన గ్రాములే అందులోని నీరు. ఉదయం ఒకసారి, వాన పడితే మరోసారి ఈ పని చేస్తే చాలు. పది నిమిషాలకు మించదు.

తక్కువ నీటితో మాలు బిరుసుగా ఉంటుందని మేస్త్రి అనడం న్యాయమైన అభ్యంతరమే. దానికి విరుగుడు ప్లాస్టిసైజరు (నీరు పెంచకుండా మాలును జారుగా చేసే మందు), సరైన కంకర పాళ్ళు, మాలును అదిలించి కూరే వైబ్రేటరు. మరింత నీరు విరుగుడు కాదు. గట్టిపడిన సిమెంటు ముద్దలో నిష్పత్తి 0.7 నుంచి 0.3కు తగ్గితే నీరు దానిలోంచి చొరబడే వేగం వెయ్యి రెట్ల స్థాయిలో తగ్గుతుంది. కట్టడాల పనుల్లో ఇంత చౌకగా ఇంత పెద్ద లాభం ఇచ్చేది మరొకటి నాకు తెలియదు.

నీటి రుచి కూడా చూడాలి. డెల్టా దిగువన బోరు నీరు చాలాచోట్ల ఉప్పన, రొయ్యల చెరువుల పక్కనైతే మరీను. ఉక్కు ఉన్న కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడ్లు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం చెబుతోంది. నాలుకకు ఉప్పదనం తెలిసిందంటే ఆ నీటిని పరీక్ష చేయించకుండా మిల్లరులో పోయకూడదు. కాలువలో నీరు ఉన్న రోజుల్లో తేటపరచిన కాలువ నీరు నయం. వేసవిలో కాలువలు కట్టేసే ముందే తొట్టెలు నింపి పెట్టుకోవడం మన పెద్దవాళ్ళు తాగునీటి కోసం చేసిన పనే, శ్లాబు పోతకు కూడా అదే పద్ధతి.

ప్లాస్టరింగు సంగతి వేరు. ఒకటికి నాలుగో, అయిదో పాళ్ళ ఇసుక మాలును గోడకు కొట్టడానికి నీరు ఎక్కువే కావాలి, అందులో నిష్పత్తి 0.5 కంటే బాగా పైన ఉంటుంది. అంటే ప్లాస్టరింగు ఎప్పుడూ రంధ్రాలమయమే, అది నీటికి అడ్డుగోడ అవుతుందని ఆశించకూడదు.

మూడవ మెట్టు: రంధ్రాలు మూసుకునే దాకా తడపడం

కేశనాళికలు మొదట ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. జెల్ పెరిగేకొద్దీ వాటి మధ్య మెడలు బిగిసి, చివరకు దారి తెగిపోతుంది. తెగడానికి పట్టే కాలాన్ని కూడా పవర్స్ బృందం కొలిచింది. తడి ఆరనివ్వకుండా ఉంచిన మామూలు సిమెంటులో నిష్పత్తి 0.40 అయితే మూడు రోజులు, 0.45 అయితే వారం, 0.50 అయితే రెండు వారాలు, 0.60 అయితే ఆరు నెలలు, 0.70 అయితే ఏడాది. 0.70 దాటితే ఎంతకాలం తడిపినా ఆ దారులు పూర్తిగా మూసుకోవు. మా పనులకు వచ్చే కుర్ర ఇంజనీర్లకు ముందుగా కంఠతా పట్టించేది ఈ వరుసనే, ఎందుకంటే రెండవ మెట్టులో చేసిన తప్పును మూడవ మెట్టులో ఎందుకు దిద్దుకోలేమో ఇది ఒక్క చూపులో చెబుతుంది.

తడి ఎందుకు నిలపాలన్నదానికి రెండు కారణాలు ఉన్నాయి. రంధ్రాల్లోని గాలి తేమ 80 శాతానికి పడిపోతే సిమెంటు చర్య దాదాపుగా ఆగిపోతుంది, తిరిగి తడిపినా మొదటి రోజుల వేగం రాదు. రెండవది, సిమెంటూ నీరూ కలిసి పుట్టించే జెల్ వాటి మొత్తం పరిమాణం కంటే కొంత తక్కువ చోటు తీసుకుంటుంది. వంద గ్రాముల సిమెంటుకు దాదాపు ఆరు మిల్లీలీటర్లకు పైగా ఖాళీ ఇలా లోపలే పుడుతుంది. బయట నీరు నిలిచి ఉంటే కాంక్రీటు దానిని తనలోకి పీల్చుకుంటుంది, నీరు లేకపోతే ఆ ఖాళీలో గాలి చేరుతుంది. నీళ్ళు తక్కువ పోసిన మంచి కాంక్రీటుకే మొదటి రోజు నుంచీ ఎక్కువ తడి కావడానికి కారణం ఇదే.

చేయవలసింది ఇది. శ్లాబు మీద పోత పూర్తయి పైపొర చేతికి అంటకుండా ఉండగానే పాలిథిన్ పరచాలి. గట్టిపడ్డాక మాలుతో మడులు కట్టి నీరు నిలపాలి. స్తంభాలకు గోనెసంచులు చుట్టి, వాటిమీద మళ్ళీ పాలిథిన్ చుట్టాలి, ఎందుకంటే ఒట్టి గోనె సముద్రపు గాలికి గంటలో ఆరిపోతుంది, ఆరిన గోనె స్తంభంలోని నీటినే తిరిగి పీలుస్తుంది. మామూలు సిమెంటుకు కనీసం ఏడు రోజులు, బొగ్గు బూడిద (ఫ్లై యాష్) లేదా స్లాగు (ఇనుము తయారీలో మిగిలే చిట్టెం) కలిసిన సిమెంటుకు కనీసం పది రోజులు తడపాలని ప్రమాణం చెబుతోంది, ఈ రెండో రకానికి పద్నాలుగు రోజులు మంచిదని కూడా సూచిస్తోంది. ఉప్పుగాలి తగిలే ఊళ్ళకు ఈ కలిసిన సిమెంట్లే నా ఎంపిక. అవి నెమ్మదిగా పనిచేసినా, మొదట పుట్టిన సున్నాన్ని తిరిగి జెల్‌గా మార్చి కేశనాళికలను మరింత సన్నం చేస్తాయి. ఆ మేలు దక్కాలంటే పద్నాలుగు రోజుల తడీ దక్కాలి. ఉప్పునీటితో మాత్రం తడపకూడదు, రంధ్రం పీల్చుకున్న నీరు ఆవిరైపోతుంది కానీ ఉప్పు లోపలే ఉండిపోతుంది.

నాలుగవ మెట్టు: పళ్ళెం పరీక్షతో రంధ్రాలను కొలవడం

రంధ్రాలు కంటికి కనిపించవు, కానీ అవి నీటిని పీల్చే తీరును వంటింటి తక్కెడతోనే కొలవవచ్చు. ఒక గ్రాము తేడా చూపే ఎలక్ట్రానిక్ తక్కెడ, వెడల్పాటి పళ్ళెం, రెండు సన్నటి ఊచ ముక్కలు, ఒక కొవ్వొత్తి, గడియారం ఉంటే చాలు.

మీరు వాడబోయే మాలుతో అరచేయంత వెడల్పు, రెండంగుళాల మందం గల బిళ్ళలు నాలుగు పోయండి. రెండింటికి కొలిచిన నీరు, రెండింటికి మేస్త్రి అలవాటు ప్రకారం నీరు పోయండి. రెండు వారాలు నీటిలో ఉంచి, తర్వాత ఎండలో ఆరబెట్టి, రోజూ తూస్తూ వరుసగా రెండు రోజులు బరువు మారకుండా నిలిచేదాకా ఆగండి. పక్కలకు కొవ్వొత్తి మైనం కరిగించి పూయండి, అడుగు భాగం మాత్రం తెరిచి ఉంచండి. పళ్ళెంలో ఊచ ముక్కలు పెట్టి, బిళ్ళ అడుగు మూడు మిల్లీమీటర్లు మునిగేలా నీరు పోసి, బిళ్ళను వాటిమీద నిలపండి. 1, 4, 9, 16, 25, 36, 64 నిమిషాలకు బిళ్ళను తీసి, అడుగును తడిగుడ్డతో ఒత్తి, తూసి, వెంటనే తిరిగి పెట్టండి.

నిమిషాలను ఇలా వర్గసంఖ్యలుగా ఎంచుకోవడానికి కారణం ఉంది. కేశనాళిక నీటిని లాగే బలం ఒక్కలాగే ఉంటుంది, కానీ నీరు లోపలికి వెళ్ళేకొద్దీ దాటవలసిన దారి పొడవవుతుంది, రాపిడి పెరుగుతుంది. అందువల్ల పీల్చుకున్న బరువు కాలంతో సమానంగా కాక కాలపు వర్గమూలంతో పెరుగుతుంది. మొదటి నిమిషంలో రెండు గ్రాములు పెరిగితే నాలుగో నిమిషానికి నాలుగు గ్రాములు, తొమ్మిదో నిమిషానికి ఆరు గ్రాములు కావాలి. అంకెలు అలా నడిస్తే మీరు చూస్తున్నది కేశనాళికల పనే. గళ్ళ (గ్రాఫ్) కాగితం మీద నిమిషాల వర్గమూలం అడ్డంగా, పెరిగిన గ్రాములు నిలువుగా పెడితే సరళరేఖ వస్తుంది, దాని వాలు ఎంత నిటారుగా ఉంటే ఆ మాలు అంత దాహంగా ఉన్నట్టు. కొన్ని గంటల తర్వాత రేఖ వంగి చదునవుతుంది. తడిసిన జెల్ ఉబ్బి దారులను ఇరుకు చేయడం కూడా దీనికి ఒక కారణం.

ఒకసారి పి.గన్నవరం దగ్గర ఒక పనిలో మేస్త్రి గారి ఎదుటే ఈ పరీక్ష చేశాం. ఆయన మాలు బిళ్ళ పైముఖం మీద నల్లటి తడి మచ్చ పాకి వచ్చేసరికి కొలిచిన నీటి బిళ్ళ సగం కూడా తడవలేదు. ఆయన రెండు బిళ్ళలనూ చేతుల్లో తిప్పి తిప్పి చూసి, మర్నాటి నుంచి బకెట్టుకు గీత పెట్టి నీరు పోయించారు. నేను అంతకు ముందు నెల రోజులు నోటితో చెప్పినది చేయలేని పని ఆ మచ్చ చేసింది.

అయిదవ మెట్టు: ఉక్కు దగ్గరకు ఉప్పు చేరకుండా చూడటం

కాంక్రీటు రంధ్రాల్లోని నీరు మంచినీరు కాదు. అది పీహెచ్ పన్నెండున్నర దాటిన తీవ్రమైన క్షారద్రవం, ఆ క్షారమే ఊచల మీద పలుచని రక్షణ పొరను నిలబెడుతుంది. క్లోరైడు ఆ పొరను చిల్లు పొడుస్తుంది, గాలిలోని కార్బన్ డయాక్సైడు క్షారాన్ని తగ్గిస్తుంది.

రంధ్రం పూర్తిగా నీటితో నిండి ఉంటే గాలి అందులోంచి చొరబడటం దాదాపు పదివేల రెట్లు నెమ్మదిస్తుంది. అందుకే ఎప్పుడూ మునిగి ఉండే స్తంభపు అడుగు చాలాకాలం బాగుంటుంది, ఎప్పుడూ పొడిగా ఉండే చోటూ బాగుంటుంది. నష్టమంతా తడిసి ఆరి, తడిసి ఆరే చోట. గౌతమి, వశిష్ఠ ముఖద్వారాల దగ్గర ఆటుపోట్లు తగిలే ఎత్తులోనూ, తీరపు ఊళ్ళలో సముద్రం వైపు సజ్జాల కింద, డాబా పిట్టగోడల మీదనూ ఇదే జరుగుతుంది. ప్రతి తడిలో ఉప్పు లోపలికి పోతుంది, ప్రతి ఎండలో నీరు మాత్రమే బయటకు వస్తుంది. తుప్పు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది కాబట్టి చివరకు సజ్జా అడుగు పెచ్చులూడుతుంది.

ఊచ మీది కాంక్రీటు మందమే ఇక్కడ కాలాన్ని కొనిపెడుతుంది. ఓ మోస్తరు పరిసరాలకు 30, తీరానికి 45, తుంపర పడే చోట 50 మిల్లీమీటర్ల కవరు ఉండాలని అదే ప్రమాణం చెబుతోంది. ఊచల కింద ఎడం కోసం పెట్టే కవరు బిళ్ళలను ఇంతవరకు చెప్పిన మంచి మాలుతోనే పోసి, తడిపి, అప్పుడు వాడండి. విరిగిన ఇటుక ముక్కను బిళ్ళగా పెడితే ఊచకు నేరుగా ఒక వత్తిని అతికించినట్టే.

ఆరవ మెట్టు: పాత గోడను చదవడం

నెమ్ముకు మందు వేసే ముందు నీరు ఎక్కడిదో నిర్ధారించుకోవాలి. ఈ మెట్టును దాటేసినందువల్లే డెల్టాలో ఏటా ఎంతో డబ్బు రంగు డబ్బాల పాలవుతోంది.

ముందుగా 45 సెంటీమీటర్ల చదరపు పాలిథిన్ ముక్కను గోడకు నాలుగు పక్కలా టేపుతో గాలి చొరకుండా అంటించి ఒక రాత్రి, మర్నాడు పగలు వదిలేయండి. పాలిథిన్ వెనుక, గోడ వైపు నీటి బొట్లు పడితే తడి గోడలోంచి వస్తోంది. గది వైపు పడితే అది గది గాలిలోని తేమ, గోడ దోషం కాదు.

తర్వాత తెల్ల పొడిని చూడండి. కొద్దిగా గీకి గ్లాసు మంచినీటిలో వేయండి. కరిగిపోతే అది నేలలోంచి, ఇటుకలోంచి, వాడిన నీటిలోంచి వచ్చిన ఉప్పు. కరగకుండా అడుగున నిలిచి, నిమ్మరసం పిండితే బుసబుస పొంగితే అది సిమెంటు సున్నం బయటకు వచ్చి గాలితో కలిసి ఏర్పడిన కాల్షియం కార్బొనేటు. రెండోది చూపుకే గానీ గోడకు పెద్దగా హాని చేయదు.

మూడవది, తేదీ వేసి తడి గీత పైఅంచున పెన్సిలుతో గుర్తు పెట్టండి. ఏడాది పొడవునా నెలకొకసారి పెట్టాలి. గోదావరి వరద రోజుల్లోనూ, పక్క చేనుకు నీరు పెట్టినప్పుడూ పైకి పాకి వేసవిలో దిగితే అది భూమిలోంచి ఎక్కే నెమ్ము. గీత కదలకుండా, ముసురు పట్టిన రోజుల్లో మాత్రం గోడ చెమర్చి, ఎండ రాగానే ఆరిపోతే అది ఉప్పు చేసే పని. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటగానే గాలిలోంచే నీటిని లాగి కరిగిపోతుంది. మన దగ్గర వర్షాకాలమంతా తేమ ఆ హద్దు చుట్టూ, దాని పైనా ఉంటుంది. నేల నెమ్మును ఆపినా ఉప్పు పట్టిన ప్లాస్టరింగు ఏళ్ళతరబడి చెమర్చడానికి ఇదే కారణం. శ్లాబు నుంచి ఒకే చోట బొట్లుబొట్లుగా కారే నీరు రంధ్రాల పని కాదు, పగులు పని. దాని దారి వేరు, దాని మరమ్మతు వేరు.

ఇప్పుడు మా ఇంటి గీత సంగతి. పది మైక్రాన్ల వ్యాసార్ధమున్న నాళిక నీటిని మీటరున్నర దాకా, ఒక్క మైక్రాన్ నాళిక పదిహేను మీటర్ల దాకా ఎత్తగలదు. అయినా నెమ్ము రెండడుగుల దగ్గర ఆగుతుందంటే దానిని ఆపుతున్నది ఆవిరి. కింద నుంచి ఎక్కే నీరూ, గోడ రెండు ముఖాల నుంచి ఆవిరయ్యే నీరూ సమానమైన ఎత్తున గీత నిలబడుతుంది. ఒక ముఖానికి నీరు దాటని పూత వేస్తే ఆవిరి సగమవుతుంది. నిలిచే ఎత్తు ఆవిరి వేగపు వర్గమూలానికి విలోమంగా ఉంటుంది కాబట్టి గీత 1.4 రెట్లు పైకి పోతుంది. రెండడుగులు రెండడుగుల పది అంగుళాలవుతుంది. నా పెన్సిలు గుర్తు దాదాపు అక్కడే ఉంది.

ఏడవ మెట్టు: బాగుచేయడం

పని సంక్రాంతి దాటాక మొదలుపెట్టాలి. అప్పుడు ముందున్నది ఎండకాలం, గోడకు ఆరే వ్యవధి దొరుకుతుంది.

మొదట నీటి సరఫరా తగ్గించండి. గోడ మొదట్లో నీరు నిలవకుండా వాలు చేయండి, స్నానాల గది నీరు దూరంగా వెళ్ళేట్టు చూడండి, ఎత్తు పెంచిన వీధి వల్ల ప్లింత్ బీము (పునాది మీద గోడను మోసే బీము) మట్టిలో కూరుకుపోయి ఉంటే ఆ మట్టిని తవ్వి దింపండి. తడి గీతకు అరమీటరు పైదాకా పాత ప్లాస్టరింగు మొత్తం కొట్టి, రాలినదాన్ని అదే రోజు ఆవరణ దాటించండి. దాన్ని గోడ పక్కన వదిలేస్తే మొదటి వానకు ఉప్పు తిరిగి పునాది చేరుతుంది.

తర్వాత కేశనాళికల దారి తెంచాలి. కొత్త ఇల్లయితే పునాది మీద తడి నిరోధక పొర వేయడమే మార్గం. పాత ఇంటికి సైలేన్ క్రీమును వాడవచ్చు. నేలకు ఆరంగుళాల పైన, ఇటుకల మధ్య అడ్డంగా పోయే మాలు వరుసలో 12 మిల్లీమీటర్ల రంధ్రాలు పది పన్నెండు సెంటీమీటర్లకొకటి గోడ మందం దాదాపు చివరిదాకా తొలిచి, దుమ్ము ఊది, క్రీము నింపాలి. ఈ మందు రంధ్రాన్ని పూడ్చదు. రంధ్రపు గోడలకు అంటుకుని వాటికి నీటి మీద ఉన్న ఇష్టాన్ని పోగొడుతుంది. తామరాకు మీద నీరు నిలవనట్టే ఆ వరుసలో నీరు పైకి ఎక్కలేదు, ఆవిరి మాత్రం అటూ ఇటూ పోగలదు.

ఇటుకను బయటపెట్టి, ఇరువైపులా గాలి ఆడేట్టు వేసవి అంతా వదిలేయండి. ఇంట్లో చుట్టాలు వచ్చినా, శుభకార్యం ఉన్నా ఈ నెలలను కుదించకండి. బయటకు వచ్చిన ఉప్పును పొడి బ్రష్షుతో దులపాలి, నీటితో కడగకూడదు. ఉప్పు మరీ ఎక్కువగా ఉంటే పేపరు గుజ్జును మంచినీటిలో నానబెట్టి, కొంచెం తెల్లటి చీనామట్టి కలిపి, వేలి మందాన గోడకు పూసి, పూర్తిగా ఎండాక ఒలిచేయండి. నీరు ఎప్పుడూ పెద్ద రంధ్రం నుంచి చిన్న రంధ్రంలోకి పోతుంది, పోతూ ఉప్పును మోసుకుపోతుంది. ఆ పూత రంధ్రాలు ఇటుకవాటికంటే సన్నంగా ఉండాలి కనుక ఒట్టి కాగితం చాలదు, మట్టి కావాలి.

అదే నియమం కొత్త ప్లాస్టరింగు ఎంపికకూ వర్తిస్తుంది. బలంగా ఉంటుందని ఒకటికి మూడు సిమెంటు మాలు కొడితే అందులోని సన్నని రంధ్రాలు ఇటుకలోని తడినంతా తమలోకి లాగి పట్టి ఉంచుతాయి. ఆ పైన సిమెంటు పుట్టీ పెడితే అది ఇంకా సన్నం. నెమ్ము గోడకు సున్నం పాలు ఎక్కువగా ఉన్న మాలు కొట్టి, పైన సున్నపు పూత వేయడం మంచిది. అది ఊపిరి తీస్తుంది, ఉప్పు వచ్చినా పొడిగా రాలిపోతుంది, పెచ్చులుగా ఊడదు.

ప్లాస్టరింగు తర్వాత ఒక వర్షాకాలం గడవనిచ్చి పాలిథిన్ ముక్కను మళ్ళీ అంటించి చూడండి. గోడ వైపు పొడిగా ఉంటే అప్పుడు ఆవిరిని పోనిచ్చే రంగును ఎంచుకోవచ్చు. బొట్లు కనిపిస్తే రంగు డబ్బాను ఇంకో వేసవి దాకా మూత తీయకుండా ఉంచి, గీత పక్కన కొత్త తేదీతో మరో పెన్సిలు గుర్తు పెట్టండి.